పుణెలో బండి, విజయవాడలో మనం: సెకండ్ హ్యాండ్ క్యాంపర్ వ్యాన్ కొనేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేనుండేది విజయవాడ. నాకు నచ్చిన బండి దొరికింది పుణెలో. మధ్యలో 65వ నంబరు జాతీయ రహదారి, ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు. టెంపో ట్రావెలర్‌ని మంచం, వంటగట్టు, నీళ్ల ట్యాంకుతో ఇల్లులా మార్చిన బండి అది. కొన్న దగ్గర్నుంచి తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్లు చేసి ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. కొన్నింటికి జవాబు నాకు డబ్బు పోయాక తెలిసింది.

అంత దూరం పోవడం దేనికి? మన దగ్గర దొరకవా?

దొరకవని కాదు, అరుదు. ఇలాంటి బండ్లు తయారుచేసే షెడ్లు ఎక్కువగా పుణె, బెంగళూరు, ఢిల్లీ చుట్టుపక్కల, కేరళలో ఉన్నాయి. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ టూరిజం విధానం తెచ్చాక అక్కడ కొంతమంది ఆపరేటర్లు బండ్లు కట్టించుకున్నారు. గిట్టుబాటు కానివాళ్లు అమ్ముకుంటారు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో అమ్మకానికి వస్తే మీ అదృష్టం, వెంటనే వెళ్లి చూడండి.

ఫొటోలు, వీడియో కాల్ చూసి కొనేయొచ్చా?

వద్దు. ఒక్కసారైనా వెళ్లండి. రైలు టికెట్టు, లాడ్జి, ఓ మెకానిక్ కూలీ అన్నీ కలిపినా బండి ధర ముందు అదెంత?

వీడియో కాల్ పనికొచ్చేది వెళ్లాలా వద్దా అని తేల్చుకోవడానికే. కాల్‌లో వాళ్లు చూపించింది కాకుండా మీరు అడిగింది చూపించమనండి. మంచం కింద పరుపు ఎత్తమనండి. వంటగట్టు కింది అలమారాలో టార్చి వేయమనండి. పైకప్పుకు ఫ్యాన్ కోసం, సోలార్ ప్యానెల్ వైర్ల కోసం కోసిన చోట లోపలివైపు మరకలున్నాయేమో దగ్గరగా చూపించమనండి. "తర్వాత పంపిస్తా సార్" అన్న ప్రతి చోటా ఓ చుక్క పెట్టుకోండి.

వీడియోలో రానిది వాసన. నా బండి పైకప్పు ఫ్యాన్ దగ్గర సీలెంట్ ఎండి పగిలింది. ప్రతి వానకీ నీళ్లు గోడ వెంట దిగి మంచం కింద ప్లైవుడ్‌లోకి ఇంకాయి. ఫొటోల్లో లామినేట్ అద్దంలా ఉంది. తలుపు తీయగానే పాత గోదాములో ముక్కిన బియ్యం వాసన. ఊదొత్తి వెలిగించి పెట్టారు పాపం, అయినా దాగలేదు. నేనేమో అంత దూరం వచ్చానన్న మొహమాటంతో కొనేశాను. తర్వాత ఆ ప్లైవుడ్ అంతా పీకించాను. వట్టి చేతులతో తిరిగి రావడానికి సిద్ధపడి, తిరుగు టికెట్టు చేతిలో పెట్టుకుని వెళ్లండి.

కాగితాల్లో మొట్టమొదట ఏం చూడాలి?

ఆర్‌సీలో వెహికల్ క్లాస్. ఇంజిన్ కంటే, మైలేజీ కంటే ముందు ఇదే. అందుకే ఈ జవాబు కాస్త పొడుగు.

రవాణా శాఖ వాహన్ రికార్డుల్లో "క్యాంపర్ వ్యాన్, ట్రైలర్ (ప్రైవేట్ యూజ్)" అని ఒక క్లాస్ ఉంది. "మోటార్ కారవాన్" అనీ ఉంది. ఈ రెంటిలో ఏది ఉన్నా సగం తలనొప్పి తగ్గినట్టే. మోటార్ కారవాన్లకు ఏఐఎస్-124 అని ప్రత్యేక ప్రమాణం కూడా ఉంది. కూర్చునే చోటు, బల్ల, పడుకునే ఏర్పాటు, వంట వసతి, సామాను పెట్టుకునే చోటు కనీసంగా ఉండాలంటుంది. ఆ ఆమోదం ఉన్న బండి అయితే తయారీదారు ఇచ్చిన సర్టిఫికెట్ నకలు అడిగి తీసుకోండి.

మార్కెట్లో తిరిగే చాలా బండ్ల కథ వేరు. ఒకాయన పన్నెండు సీట్ల ట్రావెలర్ కొంటాడు. సీట్లు పీకి షెడ్డులో మంచం కట్టిస్తాడు. ఆర్‌సీలో మాత్రం పాత క్లాస్, పాత సీట్ల లెక్క అలాగే ఉంటాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. చట్టం ఒప్పుకునే మార్పులకైనా ముందు అనుమతి, తర్వాత ఆర్‌సీలో నమోదు ఉండాలి. కేరళ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే గట్టిగా చెప్పింది. "అందరూ తిరుగుతున్నారు సార్, ఎవడూ ఆపడు" అనే మాట అక్కడి రోడ్ల మీద నిజమే కావచ్చు. మీరు ఆ బండిని ఇక్కడి ఆర్టీవో ఆఫీసుకి తీసుకొచ్చి, ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టి, కొత్త నంబరు ఇవ్వండని అడగాలి కదా. చిక్కుపడేది అక్కడ. సొంత రాష్ట్రంలో చేతులు మారితే బయటపడని తేడా రాష్ట్రం దాటితే బయటపడుతుంది.

అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే ఆర్‌సీ నకలు, బండి ఫొటోలు పట్టుకుని మీ ఆర్టీవో ఆఫీసుకి వెళ్లి, ఇలాంటి బండి తెస్తే రిజిస్టర్ చేస్తారా అని అడగండి. ఒక పూట పని. ఏజెంటును కాకుండా కౌంటర్లో ఉన్నవాళ్లను అడగండి.

పసుపు బోర్డు బండి చవకగా వస్తోంది. తీసుకోవచ్చా?

టూరిజం ఆపరేటర్లు అమ్మేవి తరచుగా ట్రాన్స్‌పోర్ట్ రిజిస్ట్రేషన్‌తోనే, అంటే అద్దెకు తిప్పే బండిగానే ఉంటాయి. ఫిట్‌నెస్ మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. పర్మిట్, దాని పన్ను వేరు. సొంతానికి మార్చుకోవాలంటే పర్మిట్ సరెండర్ చేసి, క్లాస్ మార్పించి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ పనంతా అమ్మేవాళ్ల రాష్ట్రంలోనే, వాళ్ల పేరు మీద ఉండగానే పూర్తి చేయించుకోండి. "మీ దగ్గర ఈజీగా అయిపోతుంది" అంటే నమ్మకండి.

నాకున్నది కారు లైసెన్సు. సరిపోతుందా?

ఆర్‌సీలో గ్రాస్ వెహికల్ వెయిట్ (మనుషులు, సామానుతో కలిపి ఉండదగ్గ మొత్తం బరువు) 7,500 కిలోలకు మించకపోతే ఎల్ఎంవీ, అంటే తేలికపాటి వాహనాల లైసెన్సు చాలు. ట్రావెలర్, వింగర్ ఆ లోపే. ట్రాన్స్‌పోర్ట్ బండి విషయంలో ఉన్న సందేహాన్ని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తీర్చింది, 7,500 కిలోల లోపైతే వేరే బ్యాడ్జి అక్కర్లేదని.

లోన్, చలానాలు, దొంగ బండి. ఇంట్లో కూర్చుని ఎలా తెలుసుకోవాలి?

పరివాహన్ సైట్లో నంబరు కొడితే క్లాస్, ఇన్సూరెన్స్ గడువు, ఫిట్‌నెస్, లోనుందా లేదా కనిపిస్తాయి. చలానాలు ఈ-చలాన్ సైట్లో చూడొచ్చు. బండి దొంగతనం కేసులో ఉందేమో జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) వాళ్ల వాహన్ సమన్వయ్‌లో వెతకొచ్చు. ఆ రిపోర్టు ప్రింట్ తీసి ఉంచండి, రాష్ట్రం మార్చేటప్పుడు అడుగుతారు.

లోన్ గురించి ఒక మాట. అప్పు తీరిపోవడం వేరు, ఆర్‌సీలో బ్యాంకు పేరు తీసేయడం వేరు. బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ, ఫారం 35 రెండూ పెట్టి ఆర్టీవోలో హైపోథికేషన్ తీయించాలి. నా విషయంలో అమ్మినాయన అప్పు ఎప్పుడో తీర్చేశాడు, ఆర్‌సీలో మాత్రం పేరు అలాగే ఉంది. ఆ బ్రాంచి వేరే బ్రాంచిలో కలిసిపోయింది. ఒక్క కాగితం కోసం నెలన్నర.

ఢిల్లీ బండ్లు అంత చవకేంటి?

అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండి తిప్పొద్దని 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ (ఎన్‌జీటీ) చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. తర్వాత కోర్టులో సడలింపులు, మార్పులు నడుస్తూనే ఉన్నాయి. ఆ భయంతో తొమ్మిదో ఏట అమ్మేసేవాళ్లు చాలామంది. బండి చెడ్డదని కాదు. కానీ పదేళ్లు నిండాక అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదనే కాగితం) తెచ్చుకోవడం అదో యజ్ఞం. ఎన్ఓసీ చేతికి వచ్చాకే డబ్బు అన్న షరతుకు ఒప్పుకుంటే చూడండి, లేకపోతే ధర చూసి మురిసిపోకండి.

వరదలో మునిగిన బండిని గుర్తుపట్టడం ఎలా?

చెన్నై 2015, 2023. కేరళ 2018. హైదరాబాద్ 2020. మన బుడమేరు 2024 సెప్టెంబరు. ఈ ఊళ్ల బండి అయితే అప్పుడు ఎక్కడుందో నేరుగా అడగండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర అడగండి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, లోపలి చుట్టలో బురద చార దాక్కుంటుంది. సీటు కింద బోల్టులు తుప్పు పట్టి, పైన అంతా కొత్తగా మెరుస్తుంటే అనుమానించాలి. క్యాంపర్‌లో ఇంకో సౌలభ్యం ఉంది అమ్మేవాళ్లకు: మునిగిన గుర్తులన్నిటినీ ప్లైవుడ్, వినైల్ కప్పేస్తాయి. అందుకే నేలమీద ఓ మూల వినైల్ ఎత్తి చూపించమని అడగడం తప్పు కాదు.

సముద్రపు ఊళ్ల బండికి అడుగున తుప్పు ఉంటుంది. కిందికి దూరి, ఛాసిస్ మీద స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది. మొద్దుగా మోగితే లేచి రండి.

తక్కువ తిరిగిన బండి అయితే మంచిదే కదా?

క్యాంపర్ విషయంలో అలా అనలేం. ఇవి ఏడాదిలో పది నెలలు షెడ్డులో నిలబడే బండ్లు. నిలబడితే బ్రేకులు పట్టేస్తాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి, బ్యాటరీలు చస్తాయి, టైర్లు గట్టిపడి పగులుతాయి. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. గాడి ఎంత లోతున్నా ఆరేడేళ్ల టైరుని నమ్మి ఎనిమిది వందల కిలోమీటర్లు రాకండి.

ఇంజిన్ నాకు తెలియదు. ఎవరిని తీసుకెళ్లాలి?

ఆ ఊళ్లో ట్రావెల్స్ బండ్లు ఆగే స్టాండుకు వెళ్లి డ్రైవర్లను అడగండి, "మీ బండి ఎవరు చేస్తారన్నా" అని. వాళ్లు చెప్పే మెకానిక్ పెద్ద సర్టిఫికెట్లున్నవాడు కాకపోవచ్చు, కానీ రోజూ అవే బండ్ల కింద పడుకునే మనిషి. అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్ మాత్రం వద్దు.

మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలి. బానెట్ మీద చెయ్యి పెట్టండి, వేడిగా ఉంటే ఎందుకు ముందే స్టార్ట్ చేశారని అడగండి. నీలిపొగ వస్తే ఆయిల్ మండుతోంది. తెల్లపొగ ఎంతసేపటికీ పోకపోతే కూలెంట్ లోపలికి వెళుతుండొచ్చు. నడిపేటప్పుడు ఘాట్ రోడ్డు ఎక్కించమనండి. సామాను నిండిన బండి బరువు అక్కడే తెలుస్తుంది.

బరువంటే గుర్తొచ్చింది. దారిలో వేబ్రిడ్జి కనపడితే ఎక్కించండి. ట్యాంకులో నీళ్లు, డీజిలు నింపి తూచిన బరువును ఆర్‌సీలోని గ్రాస్ వెయిట్‌తో పోల్చండి. మధ్యలో మిగిలిందే మీ మనుషులకీ సామానుకీ. టేకు తలుపులు, గ్రానైట్ గట్టు పెట్టించిన బండి ఒకటి చూశాను. చూడముచ్చటగా ఉంది. నలుగురు ఎక్కితే పరిమితి దాటిపోతుంది.

"రాత్రంతా ఏసీ నడుస్తుంది" అంటున్నారు. నిజమా?

లెక్క వేద్దాం. 12 వోల్టుల 200 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో ఉండేది రెండున్నర యూనిట్ల కరెంటు. వాడుకోదగ్గది రెండు యూనిట్లనుకోండి. ఒక టన్ను ఏసీ ఆగి ఆగి నడిచినా గంటకు అర యూనిట్ పైనే తాగుతుంది. మూడు గంటలు దాటితే గొప్ప. ఎండాకాలం విజయవాడలో అదీ ఉండదు. అదే సైజు ట్యూబులర్ బ్యాటరీ అయితే సగం మాత్రమే వాడాలి, లేకపోతే త్వరగా చెడుతుంది. పైన 400 వాట్ల సోలార్ ఉంటే మంచి ఎండలో రోజుకు ఒకటింబావు, ఒకటిన్నర యూనిట్లు వస్తాయి. ఫ్రిజ్, లైట్లు, ఫ్యాన్, ఫోన్లకు సరిపోతుంది. ఏసీకి బయటి కరెంటు ప్లగ్గు కావాలి.

చూడటానికి వెళ్లినప్పుడు ఛార్జర్ పీకేసి, ఇండక్షన్ పొయ్యి మీద ఐదు నిమిషాలు నీళ్లు కాయించండి. ఇన్వర్టర్ కూతపెడితే బ్యాటరీ పనైపోయినట్టే, లేదా వైర్లు సన్నవి. వెయ్యి వాట్ల పనికి 12 వోల్టుల వైరులో ఎనభై తొంభై ఆంపియర్లు పారతాయి. వైరు పట్టుకుంటే చురుక్కుమంటే ఆ వైరింగ్ మొత్తం మార్చే ఖర్చు ధరలోంచి తీసేయండి. బ్యాటరీ పక్కనే ఫ్యూజు లేని బండిలో నేను పిల్లల్ని పడుకోబెట్టను.

గ్యాస్ విషయంలో ఇంకా భయం ఉండాలి. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే నేలమీద పేరుకుంటుంది. సిలిండరు పెట్టిన అలమారాకు అడుగున బయటికి రంధ్రం ఉండాలి. జాయింట్ల దగ్గర సబ్బు నురగ రాసి బుడగలు వస్తాయేమో చూడండి. ఇంటికిచ్చే 14.2 కిలోల సిలిండరు బండిలో పెట్టడం నిబంధనలకు విరుద్ధం. నేను గ్యాస్ మొత్తం తీయించి ఇండక్షన్ పెట్టుకున్నాను.

అడ్వాన్సు పంపితేనే బండి ఆపుతామంటున్నారు.

బండి చూడకముందు రూపాయి కూడా పంపకండి. మిలిటరీ దుస్తుల్లో ఫొటో, క్యాంటీన్ కార్డు, "పోస్టింగ్ మారింది, అర్జెంటుగా అమ్ముతున్నా" అన్న కథ వచ్చిందంటే ఫోన్ పెట్టేయండి. ఆ వేషం ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. డబ్బు రావడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమనేవాడు దొంగ. మోసపోయారా, ఆ గంటలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

బండి చూసి, నచ్చి, బేరం తెగాక బయానా ఇవ్వొచ్చు. ఛాసిస్ నంబరు, ధర, ఎన్ఓసీ ఎప్పటికి ఇస్తారు, రాకపోతే బయానా వెనక్కి ఇస్తారా అన్నవి రాసి ఇద్దరూ సంతకాలు చేసుకోండి. ఆర్‌సీలో పేరున్న మనిషి బ్యాంకు ఖాతాకే పంపండి, బావమరిది ఖాతాకి కాదు. రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ఆర్‌టీజీఎస్ చేయండి.

సంతకాలు ఏమేం కావాలి?

ఫారం 28 ఎన్ఓసీకి. 29, 30 పేరు మార్పుకి. లోనుంటే 35. ఛాసిస్ నంబరు పెన్సిల్ అచ్చులు నాలుగైదు తీసుకోండి. అమ్మేవాళ్ల ఆధార్, పాన్ నకళ్లు కూడా. ఓటీపీలు ఆర్‌సీకి లింకైన ఫోనుకి వెళతాయి కాబట్టి ఆ నంబరు ఇంకా పనిచేస్తోందో లేదో ముందే చూసుకోండి.

అమ్మినాయన తర్వాత ఫోన్ ఎత్తడేమోనని చాలామంది భయం. ఆయనకు ఒక విషయం గుర్తుచేయండి: ఆర్‌సీలో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. పేరు మార్చుకోవడం మనకన్నా ఆయనకే ఎక్కువ అవసరం. నేను చెప్పి చూశాను, ఆ మధ్యాహ్నమే సంతకాలు పెట్టాడు.

నడుపుకుంటూ రావాలా, లారీ మీద పంపించాలా?

నడపండి. బండి జబ్బులన్నీ ఆ దారిలోనే బయటపడతాయి, తెలిసిన మెకానిక్ ఇంకా దగ్గర్లో ఉండగానే. నేను పుణె నుంచి పొద్దున్నే బయలుదేరి సోలాపూర్‌లో ఆగి అన్నీ తడిమి చూశాను. వెనక హబ్ ఒకటి వేడెక్కింది. అక్కడే బేరింగ్ వేయించాను.

దారికి ముందు ఇన్సూరెన్స్ చూసుకోండి. పాత పాలసీలో థర్డ్ పార్టీ భాగం బండితో పాటు మీకు వస్తుంది. మీ బండికి జరిగే నష్టం భాగం అలా రాదు. 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టాలి. లోపల కట్టించిన సామాను విలువ పాలసీలో రాయించారో లేదో అడగండి, తొంభై శాతం మంది రాయించరని నా అనుమానం.

పన్నెండు నెలల వరకు పాత నంబరుతో తిరగొచ్చంటారు కదా?

ఆ పన్నెండు నెలల మాట మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్‌లో ఉంది. బండి సొంతదారు మారకుండా వేరే రాష్ట్రంలో ఉంచుకున్నప్పటి సంగతి అది. చేతులు మారితే కొన్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. లైఫ్ ట్యాక్స్ బండి వయసును బట్టి తగ్గించి కట్టించుకుంటారు. పాత రాష్ట్రంలో మిగిలిన పన్ను వాపసు అడగొచ్చు. కానీ అది కట్టినవాళ్ల పేరున వస్తుంది. ఆ డబ్బు ఎవరిదో బేరంలోనే తేల్చుకోండి. కొత్త నంబరు వచ్చాక హై సెక్యూరిటీ ప్లేట్లు, కొత్త ఫాస్టాగ్. పాత ఫాస్టాగ్ అమ్మినాయనతో మూయించండి, లేకపోతే మీ టోల్ ఆయన ఖాతాలోంచి పోయి గొడవ.

మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. అక్కడి క్యాంపర్ ఇక్కడికి తెచ్చుకోవచ్చా?

కుదరదండి. మన దేశానికి తెచ్చే పాత బండికి స్టీరింగ్ కుడివైపు ఉండాలి, తయారై మూడేళ్లు దాటకూడదు. అమెరికా బండి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఆ పైన సుంకం సంగతి చెప్పనక్కర్లేదు.

తెచ్చాక మొదటి ప్రయాణం ఎక్కడికి?

మీ వీధిలోకి. ఇంటి ముందు నిలబెట్టి ఒక రాత్రి అందులో పడుకోండి. మా ఆవిడ నవ్వింది గానీ, సూర్యలంక బీచికి వెళ్లేముందు ఆ రాత్రి పడుకోబట్టే తెలిసింది, కుళాయి ఎవరూ తిప్పకుండానే నీళ్ల పంపు ఇరవై నిమిషాలకోసారి టక్కుమంటోందని. సింకు వెనక పైపు క్లిప్పు వదులై చుక్కచుక్కగా కారుతోంది, కొత్తగా వేయించిన ప్లైవుడ్ మీదికి.